ఎర్ర డబ్బాలో ఉల్లిపాయలు

సంపాదకులకు నమస్కారం.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా పాపకి ఇరవై ఒకటో నెల నడుస్తోంది. ఈ ఉత్తరం దాని డైపర్ల గురించి. పేపరుకి రాసేంత విషయమా అని మా ఆవిడ కూడా నవ్వింది.

రెండు నెలల కిందట ఒక పొద్దున చెత్త బండి వచ్చేసరికి నేను గేటు దగ్గర స్కూటర్ తుడుచుకుంటున్నా. అప్పట్లో మేం డైపర్లన్నీ నల్ల కవర్లో కుక్కి, మూతి బిగించి, పొడి చెత్త డబ్బాలో పడేసేవాళ్ళం. బండితో వచ్చే ఆవిడ అదేమిటో తెలియక ముడి విప్పింది. లోపల ఒక డైపరు చిరిగిపోయి ఉంది, ఆ జిగురు ముద్ద ఆమె చేతి మీద, గాజుల సందులో పడింది. ఆమె తిట్టలేదు, చేతిని గోడకి రాసుకుని మా కుళాయి వైపు చూసింది. నేను మగ్గుతో నీళ్ళు పోశాను. "పోన్లెండి సార్, రోజూ ఉండేదే" అంది. తిట్టినా బాగుండేది.

ఆ ముద్ద ఏమిటంటే, డైపర్లో సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి ఉంటుంది, అది తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు తాగి జెల్లీలా ఉబ్బుతుంది. పాప ఒంటికి తగిలే పొర, బయటి పొర రెండూ ప్లాస్టిక్కే. అందుకే ఎరువులోకి పనికిరాదు, తగలబెడితే వచ్చేది ప్లాస్టిక్ పొగే. ఇక కాలువ గట్ల మీద విసిరేసేవాళ్ళ సంగతి చెప్పాలా? వేసవిలో నీళ్ళు కట్టేశాక ఒకసారి వంతెన మీద ఆగి కిందికి చూడండి. ఆ బందరు కాలువ, ఏలూరు కాలువ నీళ్ళే కింద ఊళ్ళలో మంచినీళ్ళ చెరువుల్లోకి వెళ్తాయి.

డైపర్ల మీద నాకు పగ లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా ఆవిడ ఇరవై రోజుల బాలింత, సింగ్‌నగర్‌లో పుట్టింట్లో ఉంది. కింది వాటా మునిగిపోతే అందరూ పై అంతస్తులోకి ఎక్కారు. తాగే నీళ్ళకే పడవ కోసం ఎదురుచూస్తుంటే గుడ్డలు ఉతికేదెక్కడ? ఆ రోజుల్లో పాప ఒంటి మీద పొడిగా ఉన్నవి డైపర్లే. మరి వాడేసినవాటిని ఏం చేశారని నేను అడగలేదు. చుట్టూ నడుం లోతు నీళ్ళుంటే ఏం చేస్తారు.

చెత్త బండి ఆవిడ సంగతి జరిగిన రాత్రే గుడ్డ డైపర్ల మాట ఎత్తాను. మా అమ్మ "మీ ముగ్గురినీ మీ నాన్న పాత పంచెల మీదే పెంచాను, డైపరంటే ఏంటో ఎరగం" అని మొదలుపెట్టింది. "అవునత్తయ్యా, ఉతికింది మీరు కదా, మామయ్యగారు కాదుగా" అంది మా ఆవిడ. నేను నోరు మూసుకుని ఉతుకుడు పూచీ నాదేనని ఒప్పుకున్నా. ఈ ఉత్తరం చదివే మగవాళ్ళకి ముందే చెప్తున్నా, ఆ ఒప్పందం లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఇప్పుడొచ్చేవి గోచీలు కావు. తడి బయటికి రాకుండా పూత వేసిన గుడ్డ, టిచ్ బటన్లు, లోపల పీల్చే గుడ్డ దూర్చడానికి ఒక జేబు. ఒక్కోటి మూడొందల యాభై చొప్పున ఎనిమిది కొన్నాం. లోపలి గుడ్డలు చాలక వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళి టర్కీ గుడ్డ తెచ్చి మడతలు పెట్టి కుట్టించాం, ఇంకో ఏడు వందలు. మొదటి వారం మాత్రం నరకం. పెట్టిన అరగంటకే తొడల పక్క నుంచి కారిపోయేది, మంచం మీద దుప్పట్లన్నీ తడిసిపోయేవి. కొత్త గుడ్డ నాలుగైదు ఉతుకులు పడితేగానీ సరిగ్గా పీల్చదని మాకు తెలియదు. పైగా మా అమ్మ మెత్తగా ఉంటాయని, మంచి వాసనొస్తుందని కండిషనర్‌లో ముంచింది, దాంతో గుడ్డ మీద నీళ్ళు పోస్తే తామరాకు మీద బొట్లలా జారిపోవడం మొదలైంది. కండిషనర్ మానేసి, వేడినీళ్ళలో మూడుసార్లు ఉతికాక దారికొచ్చాయి.

పని మీరనుకునేంత లేదు. ఉచ్చ పోసినవి నీళ్ళు పోయకుండా మూత ఉన్న బకెట్లో పడేయడం, దొడ్డికెళ్ళినవి అప్పటికప్పుడు జెట్‌తో కమోడ్‌లోకి కొట్టేయడం, రోజు విడిచి రోజు చన్నీళ్ళలో జాడించి మెషిన్‌లో వేయడం. లోపలి గుడ్డలు మేడ మీద ఎండలో, పూత ఉన్న కవర్లు నీడలో. ఉతకడానికయ్యే కరెంటు, నీళ్ళు కలిపితే గుడ్డవాటి వల్ల ఒరిగేదేమీ లేదని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. బ్రిటన్‌లో 2008లో ప్రభుత్వ సంస్థ చేసిన అధ్యయనంలో నిజంగానే మామూలుగా వాడితే రెండింటికీ కాలుష్యంలో పెద్ద తేడా రాలేదు. కానీ అందులోనే ఉంది, మెషిన్ నిండా వేసి, డ్రయ్యర్ లేకుండా తీగ మీద ఆరేసి, అవే తర్వాతి బిడ్డకీ వాడితే గుడ్డదే పైచేయి అని. వాళ్ళకి ఎండ లేదు, మన ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అంటారా? మేలో పదింటికి ఆరేస్తే పదకొండున్నరకి అప్పడాల్లా పెళపెళలాడతాయి. వానాకాలంలో ఏం చేస్తామో అప్పుడు చూడాలి.

డబ్బు లెక్క కూడా చెప్తా. అంతకుముందు రోజుకి ఐదు డైపర్లు, పన్నెండు రూపాయల చొప్పున నెలకి 1,800. ఇప్పుడు రాత్రికి ఒక్కటే, నెలకి 360. పెట్టిన 3,500 మూడో నెలకల్లా వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, చవకైతే మంచిదే, చెత్త మాత్రం తగ్గదు కదా. ఇంకో లాభం నేను అనుకోనిది, తడి తెలుస్తోంది కాబట్టి పాప ఇప్పుడు లాగూ పట్టుకుని "చీ, చీ" అని చెప్తోంది. పగలు ఉంచే క్రెష్‌లో మాత్రం గుడ్డవి కుదరవన్నారు. ఉతకొద్దు, విప్పి జిప్ సంచిలో పడేస్తే చాలు అని మూడు రోజులు బతిమాలితే ఒప్పుకున్నారు.

అసలు అడగదలచుకున్నది ఇది. 2021 అక్టోబరు 2న ఇక్కడే బెంజి సర్కిల్ దగ్గర చెత్త బండ్లకి జెండా ఊపి, ఇంటికి మూడు డబ్బాలిచ్చారు. ఆకుపచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైనవాటికి. మా ఎర్ర డబ్బాలో ఉల్లిపాయలు పోసుకున్నాం, పక్కవాళ్ళు తులసి మొక్క వేశారు. 2016 నాటి కేంద్ర నియమాలేమో డైపర్‌ని చుట్టి పొడి చెత్తలో వేయమన్నాయి, పారేయడానికి కవర్లు తయారీదారులే ప్యాకెట్‌తో ఇచ్చే ఏర్పాటూ వాటిలో ఉంది. ఇన్ని ప్యాకెట్లు కొన్నాను, అలాంటి కవరు ఒక్కటీ చూడలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నియమాల్లో తడి, పొడి కాక శానిటరీ చెత్తని, అంటే డైపర్లు, ప్యాడ్‌ల లాంటివాటిని, వేరే రకంగా ఇవ్వాలన్నారు. ఏ డబ్బాలో వేయాలని బండి ఆవిడని అడిగితే "ఏదో ఒక దాంట్లో వేయండి సార్, ఎలాగూ మేమే తీస్తాం" అంది. 2025 జూలైలో కేంద్రం వాళ్ళు శుభ్రతలో ముందున్న నగరాలని ఇండోర్, సూరత్, నవీ ముంబైలతో కలిపి మన నగరాన్ని సూపర్ స్వచ్ఛ లీగ్‌లో పెట్టారు. ఆ పేరు తెచ్చింది ఈ ఆవిడలాంటివాళ్ళే. ప్రతి బండికీ ఈ చెత్తకి వేరే పెట్టె బిగించాలి, వాళ్ళకి మోచేతుల దాకా వచ్చే గ్లౌజులివ్వాలి, కవర్లివ్వని కంపెనీలని అడగాలి. పుణెలో చెత్త ఏరేవాళ్ళ సహకార సంఘం ఖర్చు లేని ఉపాయం చెప్పింది, వీటిని కాగితంలో చుట్టి మీద ఎర్ర చుక్క పెట్టమని. చుక్క చూస్తే ముడి విప్పరు. రేపటి నుంచే మనమూ చేయొచ్చు, దానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

మా ఉల్లిపాయలు బుట్టలోకి మారాయి. రాత్రి వాడిన ఒక్క డైపరు పాత పేపర్లో చుట్టి, ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, ఎర్ర డబ్బాలో వేసి గేటు దగ్గర ఉంచుతున్నా. మా వీధి బండిలో దానికి వేరే అర ఇంకా లేదు. ఆవిడ దాన్ని ఒక సంచిలో వేసి బండి పక్కన కొక్కేనికి తగిలించుకుని వెళ్తోంది.

ఇట్లు
మీ పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ