లావు, నలుపు కథలు బడికి వద్దనడం సరికాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో ఒక పెద్దాయన, హైస్కూలు పిల్లలకు లావు, నలుపు, పొట్టి అంటూ ఈ కథలెందుకు, నీతి కథలు చాలవా అని రాశారు. నాలుగు రోజులు ఊరుకుందామని చూశాను, నా వల్ల కాలేదు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను.

మా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి నెల రోజులు మధ్యాహ్న భోజనం మానేసింది. గుడ్డు పక్క పిల్లకు ఇచ్చేసేది. అన్నం తిన్నాక వేసుకోవాల్సిన నీలం రంగు ఐరన్ మాత్రను ఖాళీ కడుపున మింగి, కళ్లు తిరిగి రెండుసార్లు పడిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆరోగ్య పరీక్షలకు వచ్చినవాళ్లు వరండాలో బరువు తూచి, ఆ అంకెను అందరికీ వినపడేలా చదివారు. సాయంత్రానికల్లా ఆ పిల్లకు ‘డ్రమ్ము’ అని పేరు పడింది. అప్పుడు ఏ నీతి కథ అడ్డుపడింది?

నేనూ పాత కథే చెప్పి చూశాను, అష్టావక్రుడిది. జనకుడి సభలో అంతటి వాదం గెలిచినవాడికి కూడా, చివరికి ‘సమంగ’ అనే నదిలో మునిగాకే ఒంటి వంకరలు పోయాయి. భాగవతంలో కుబ్జ గూనినీ కృష్ణుడు సరిచేశాడు. నాకు ఎంతో ఇష్టమైన కథలివి, చెప్పడం మానను. కానీ ‘ఆ నది ఎక్కడుంది టీచర్?’ అని ఆ అమ్మాయి అడిగితే నాకు నోట మాట రాలేదు.

టీనేజీ పిల్లల కోసం ఇప్పుడొస్తున్న కథల్లోనూ నేను చదివినంతలో చాలావాటిది ఇదే వరస. లావు పిల్ల ఆఖరి పేజీకి సన్నబడుతుంది. నల్లపిల్లను ఎవరో అబ్బాయి మెచ్చుకుంటాడు. మొదటి పేజీలో ఎంత లావుందో ఆఖరి పేజీలోనూ అంతే ఉండి, మధ్యలో సైకిలు నేర్చుకుని, స్నేహితురాలితో పోట్లాడి, లెక్కల్లో ఫెయిలై మళ్లీ పాసైన పిల్ల కథ కావాలి నాకు. వెతగ్గా వెతగ్గా నాలుగు దొరికితే జిరాక్సు తీయించి ఇచ్చాను. కాగితాలు నలిగిపోయి తిరిగొచ్చాయి. అందరూ ‘పుల్ల’ అని పిలిచే ఒక అబ్బాయి రెండుసార్లు ఇంటికి తీసుకెళ్లాడు.

జిరాక్సులు ఎందుకంటే, మా బడిలో పుస్తకాల బీరువాకు తాళం, ఆ తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లైబ్రేరియన్‌ను నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూడలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, ఆ డబ్బు పుస్తకాలై మా పిల్లల చేతికి ఎందుకు రాదు? కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలిస్తోంది, తెలుగుకూ ఇస్తోంది. ఆ పుస్తకం ఒక్కటైనా మా బడి గడప తొక్కలేదు. మీకూ ఒక మాట, కోపగించుకోకండి. బరువు తగ్గే చిట్కాలకు వారం వారం చోటిస్తున్నారు. పిల్లల పేజీలో అలాంటి కథకు అరపేజీ ఇవ్వలేరా?

వచ్చే నెల మళ్లీ బరువులు తూస్తారట. ఈసారి గదిలో, తలుపు వేసి తూచమని అర్జీ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

- ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, పశ్చిమ గోదావరి జిల్లా