ఈ సీజన్ నుంచి మా షాపులో లైన్, లీడర్ సరుకు మారుతోంది: ఏది, ఎందుకు

డాలస్ చుట్టుపక్కల లార్జ్‌మౌత్ బాస్ చేపలు పట్టడానికి మా దగ్గర సరుకు తీసుకునే అందరికీ నమస్కారం. ఇకనుంచి 200 గజాల ఫ్లోరోకార్బన్ (పొట్టిగా ఫ్లోరో, గట్టి ఒంటి పోగు లైన్) స్పూళ్లు బాగా తగ్గించి, 25 గజాల లీడర్ (మెయిన్ లైన్ చివర, ఎరకు ముందు కట్టే పొట్టి ముక్క) స్పూళ్లు ఎక్కువ తెప్పిస్తున్నాం. మాకు బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ తెగిన లైన్ పట్టుకొచ్చి "ఇంకా ఎక్కువ పౌండ్లది ఇవ్వండి" అని (అంటే ఇంకా ఎక్కువ బరువు తట్టుకునే లైన్) అడిగేవాళ్లలో చాలామందికి తెగింది చివరి మూడు నాలుగు అడుగుల్లోనే. ఆ కాస్త కోసం రీల్ అంతా ఖరీదైన లైన్ నింపించుకోవడం దండగ.

మన లేకుల్లో దీనికి పెద్ద కారణం జీబ్రా మసల్స్. టెక్సోమాలో 2009లో, రే రాబర్ట్స్‌లో 2012లో, లూయిస్‌విల్‌లో 2013లో ఇవి బయటపడ్డాయి. వేలిగోరంత ఉండే ఈ ఆల్చిప్పలు రాళ్లకూ మునిగిన మోళ్లకూ గుత్తులుగా అతుక్కుంటాయి, వాటి అంచులు చాలా పదును. చేప లాగుతుండగా బిగుసుకున్న బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) ఆ అంచుకు తగిలితే పోగులు టపటపా తెగిపోతాయి. 50 పౌండ్ల బ్రెయిడ్ 12 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) అంత సన్నగా ఉంటుంది. దాని బలమంతా లాగుడు తట్టుకోవడానికే, రాపిడికి కాదు. ఒంటి పోగుగా, గట్టిగా ఉండే ఫ్లోరో గీతలు పడ్డా కాసేపు నిలుస్తుంది. అందుకే బ్రెయిడ్ వాడేవాళ్లకు ముందు ఫ్లోరో లీడర్ చెబుతాం.

అన్ని రిగ్‌లకూ (గాలం, బరువు, ఎర కట్టే అమరికలకూ) ఒకే లీడర్ పనికిరాదు. ఫ్లోరో నీటికంటే బాగా బరువు, సాంద్రత 1.78. నైలాన్ మోనో 1.14, నెమ్మదిగా మునుగుతుంది. బ్రెయిడ్ 0.97, తేలుతుంది. నీటిపైన తేలుతూ ఆడే టాప్‌వాటర్ ఎరకు ఫ్లోరో కడితే అది ముక్కును కిందికి లాగేస్తుంది, ఎర సరిగా ఆడదు. దానికి 30 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్, చివర 15 అంగుళాల మోనో చాలు. మెత్తటి బ్రెయిడ్ ట్రెబుల్ (మూడు కొక్కేల) గాలానికి చుట్టుకుంటుంది, కాస్త బిరుసుగా ఉండే మోనో చుట్టుకోదు. కరోలినా రిగ్‌లో ముప్పావు ఔన్సు బరువు, పూస, స్వివెల్ (తిరిగే లింకు), తర్వాత 3 అడుగుల లీడర్. ఎర అడుగునుంచి కొంచెం పైకి లేచి ఉండాలంటే 12 పౌండ్ల మోనో, రాళ్లూ చిప్పలూ ఉన్నచోట 15 పౌండ్ల ఫ్లోరో. డ్రాప్‌షాట్‌కు (బరువు కింద, ఎర దాని పైన ఉండే రిగ్) 10 పౌండ్ల బ్రెయిడ్, 8 పౌండ్ల ఫ్లోరో లీడర్ 6 నుంచి 8 అడుగులు. గడ్డి మీద ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) వేసేటప్పుడు లీడరే వద్దు, 65 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కట్టేయండి. అక్కడ చేపకు లైన్ కనిపించే సమయం ఉండదు, గడ్డిని కోసుకుంటూ రావడమే ముఖ్యం.

లేక్ ఫోర్క్‌లో నిలువు మోళ్ల మధ్య టెక్సస్ రిగ్ (గాలం మొనను మెత్తటి ఎరలో దాచేది) వేసేవాళ్లకు మాత్రం 15, 17 పౌండ్ల ఫ్లోరోనే రీల్ మీద ఉండాలి. అప్పుడూ స్పూల్ నిండా అక్కర్లేదు. కింద చవక మోనో బ్యాకింగ్ (అడుగున నింపే లైన్), పైన 70 గజాల ఫ్లోరో. మీరు విసిరే దూరం దాటి లోపలే ముడి ఉంటుంది కాబట్టి వేళ్లకు తగలదు. బ్యాకింగ్ మా దగ్గర ఉచితంగా వేస్తాం. బ్రెయిడ్‌కూ బ్యాకింగ్ తప్పనిసరి. నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు లైన్ మొత్తం గిర్రున తిరుగుతుంది, డ్రాగ్ (లైన్ జారే బిగువును సర్దే భాగం) పాడైందనుకుని రీల్ రిపేరుకు ఇస్తారు.

ఫ్లోరో తెగితే పారేయకండి, ముందు ఆ కొసను వెలుతురులో చూడండి. స్ప్రింగులా చుట్టుకుని ఉంటే ముడి జారినట్టు. గరుకుగా, పీచులేచినట్టు ఉంటే రాపిడి. ముడి దగ్గరే తెగి, పక్కన తెల్లగా నలిగి ఉంటే తడపకుండా బిగించినట్టు: రాపిడి వేడికి ఫ్లోరో అక్కడే చచ్చుబడిపోతుంది. బ్రెయిడ్‌కు లీడర్ కలపడానికి డబుల్ యూని ముడి నేర్చుకుంటే చాలు. బ్రెయిడ్ వైపు 8 చుట్లు, ఫ్లోరో వైపు 5. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి, రెండు ముడులూ ఆనుకున్నాక మాత్రమే కొసలు కత్తిరించండి. చేప పడిన ప్రతిసారీ చివరి రెండడుగులు గోళ్ల మధ్య లాగి చూసి, గరుకు తగిలితే అంత మేరా కోసేయాలి. 25 గజాలంటే 75 అడుగులు. మూడడుగుల లీడర్‌లు 25 వస్తాయి కాబట్టి కోయడానికి మనసొప్పకపోవడం ఉండదు.

ఇంకొకటి. "ఫ్లోరో కోటెడ్" అని రాసి ఉన్నది లోపల నైలాన్, పైన ఫ్లోరో పూత. మంచి లైనే, మెత్తగా ఉంటుంది, స్పిన్నింగ్ రీల్‌కు బాగుంటుంది. కానీ లీడర్‌కు తీసుకుంటుంటే "100 శాతం ఫ్లోరోకార్బన్" అని ఉన్నదే చూసుకోండి. మేం ఇకపై రెంటినీ వేర్వేరు అరల్లో పెడుతున్నాం.

పాత లైన్ గట్టున వదలకండి, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. మోనో, ఫ్లోరో తెచ్చి మా కౌంటర్ పక్కనున్న డబ్బాలో వేయండి, రీసైక్లింగ్‌కు పంపుతాం. బ్రెయిడ్ అందులో వేయొద్దు, చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తలోనే వేయాలి. లైన్ మార్పించుకునేవాళ్లు శుక్రవారం సాయంత్రం కాకుండా వారం మధ్యలో రీల్ ఇస్తే, మర్నాటికి సిద్ధంగా ఉంచుతాం.