శనివారం కాల్సొట్లు, కావా: పేర్లు ఇవ్వండి

బార్సిలోనా మిత్రులందరికీ నమస్కారం 🙏

ఈ శనివారం సాంత్ సదుర్ని వెళ్తున్నాం, కావా అనే బుడగల వైన్‌కి పెట్టింది పేరు ఆ ఊరు. ఉదయం 10 గంటలకల్లా సాంట్స్ స్టేషన్‌లో ఉండండి, ఆర్‌4 రైలు ఎక్కుదాం. కార్లు వద్దు. తాగాక ఎవరు నడుపుతారు?

ముందు కాల్సొట్లు: మంట మీద నల్లగా మాడ్చిన పొడుగాటి ఉల్లికాడలు. మాడిన పై పొర లాగేసి, రొమెస్కో సాస్‌లో ముంచి, తల వెనక్కి వాల్చి నోట్లోకి దించుకోవాలి. చేతులన్నీ మసే, తెల్ల చొక్కాలు వేసుకురాకండి. దీనికి జోడీ కావా. కనీసం 9 నెలలు సీసాలోనే ఈస్ట్‌తో ఉంటుంది. ఆ బుడగలూ పులుపూ సాస్ జిడ్డును భలే కడిగేస్తాయి.

తర్వాత బొతిఫర్రా సాసేజ్, తెల్ల చిక్కుడు గింజలు, ప్రియొరాత్ ఎర్ర వైన్. ఇది గట్టిది, నెమ్మదిగా తాగండి. చివర్లో తీపికి క్రెమా కతలానా, అంటే పైన చక్కెర కాల్చిన కస్టర్డ్.

బొతిఫర్రా పంది మాంసం. శాకాహారులకు కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా ఉంది. తాగనివాళ్లకు ద్రాక్షరసం. సాస్‌లో బాదం, హేజెల్‌నట్ ఉంటాయి, అలర్జీ ఉంటే ఇప్పుడే చెప్పండి. ఆవకాయ మాత్రం తేవద్దు బాబూ, వైన్ రుచే తెలీదు!

గురువారం రాత్రిలోగా పేరు, వెజ్జా నాన్‌వెజ్జా ఇక్కడే రాయండి. ఉత్త థంబ్స్ అప్ పెడితే లెక్కలోకి రాదు 😄