ఒక్క అంకె అడిగితే ఊళ్లు తిప్పిన మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ కేర్ పెద్దలకు,

ఈ ఉత్తరమైనా ఎవరో ఒకరు చదువుతారనే ఆశతో రాస్తున్నాను.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. పక్క మేడ మీద సెల్ టవర్ ఉంది. కడుపులో బిడ్డకు రేడియేషన్ తగలకుండా కాపాడే యాంటీ ఆక్సిడెంట్లని మీ ప్రకటన చూసి మా ఆవిడ క్యాప్సూళ్లు తెప్పించింది. డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసి, గ్రీన్ టీ సారం ఒక్కోదాంట్లో ఎంతుందో కనుక్కోమన్నారు. అది ఎక్కువైతే ఫోలిక్ యాసిడ్ ఒంటికి సరిగా పట్టకపోవచ్చట. డబ్బా మీద "ప్రత్యేక మిశ్రమం" అని తప్ప అంకె లేదు.

మీ నంబరుకు ఫోన్ చేసి, తెలుగు కోసం నొక్కమన్నది నొక్కాను. హైదరాబాద్ అబ్బాయి పిన్‌కోడ్ అడిగి, "సార్, మీది ఒడిశా, మేం చూడం" అని భువనేశ్వర్‌కి కలిపాడు. పర్లాకిమిడిలో పుట్టినవాణ్ణి, నాకు ఒడియా రాకేం? మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, పార్సిల్ పాతపట్నం వెళ్లింది కాబట్టి ఆంధ్రవాళ్లే చూడాలంది! మా ఊరికి డెలివరీ లేదని మీరే అంటే కదండీ మా బావమరిది చిరునామా ఇచ్చింది? మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. మీ కంప్యూటర్‌కి మాత్రం అది సముద్రంలా ఉన్నట్టుంది.

తర్వాత "సీనియర్" గారు వచ్చారు. అంకె అడిగితే పరిశోధనలున్నాయన్నారు. ఎవరి మీదండీ అంటే ఎలుకల మీదట. గర్భిణుల మీద చేసింది ఒక్కటి చెప్పమంటే, మీ అభిప్రాయం మాకు విలువైనదని ఫోన్ పెట్టేశారు. వెంటనే మెసేజ్: మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

మీకన్నా సర్కారు నయం. 2012 సెప్టెంబరు 1న టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. అనుమానముంటే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో 4,000 రూపాయలు కట్టి కొలిపించుకోవచ్చు. అక్కడ డబ్బు కడితే అంకె చెబుతారు. మీరు డబ్బు తీసుకుని కూడా చెప్పరు.

మా నాన్నగారి మోకాళ్ల నూనె దగ్గర్నుంచి మీ సరుకే వాడిన ఇల్లు మాది. చుట్టాలందరి చేతా కొనిపించాను కూడా. దానికి దక్కిన మర్యాద ఇది.

డబ్బు వాపసు సంగతి తర్వాత. ముందు ఆ అంకె కాగితం మీద, సంతకంతో పంపండి. తెలుగైనా సరే, ఒడియా అయినా సరే. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అప్పుడు నా పిన్‌కోడ్ ఎవరి కిందికి వస్తుందో మీ వకీలే గజపతి జిల్లాకు వచ్చి తేల్చుకుంటాడు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పర్లాకిమిడి