బావా, నీ జ్ఞానపుత్రిక చదువు సంగతి

సికింద్రాబాద్

ప్రియమైన బావా,

మొన్న ఫోన్లో "పిల్లని బడికి పంపడం లేదంట, నాతో ఒక్క మాటైనా అనలేదే" అన్నావు. నీ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. అడిగే హక్కు నీకుంది. దాని జ్ఞానస్నానం రోజు ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రివి నువ్వు. పక్కన చిన్నాడు ఏడుస్తుంటే ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. ఆమె టీచరు కదా, నీకంటే ఆమెకే ఎక్కువ అనుమానాలు ఉంటాయి.

నర్సరీ, ఎల్‌కేజీ ఇక్కడే ఒక బళ్లో చదివిందని నీకు తెలుసు. టీచర్లు చెడ్డవాళ్లేం కాదు, ఒక్కో గదిలో అంతమంది పిల్లలుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఇంటికి రాగానే హోంవర్క్. పెన్సిలే సరిగ్గా నిలవని ఆ వేళ్లతో పేజీలకి పేజీలు రాయాలి. రాత్రి జపమాలకి కూర్చునేసరికి కళ్లు మూతలు పడిపోయేవి. పొద్దున వ్యాను ఎక్కేముందు కడుపునొప్పి అనేది. సెలవు రోజుల్లో ఆ నొప్పి ఉండేది కాదు. ఒక రాత్రి మా ఆవిడ అడిగింది: "రోజంతా బడికీ వ్యానుకీ ఇచ్చేసి, అలిసిపోయిన పిల్లని మనం తీసుకుంటున్నాం. దీనికి దేవుడి గురించి ఎప్పుడు చెబుతాం?" నా దగ్గర జవాబు లేదు.

అప్పటికే మా విచారణలో, అంటే మా చర్చిలో, ఆదివారం పూజ అయ్యాక మరియమాత గుహ దగ్గర కొందరు తల్లులు ఇదే మాట్లాడుకుంటున్నారు. మా ఆవిడా వాళ్లలో కలిసింది. ఒకరిద్దరు ఇంట్లోనే చదివించుకుంటూ చాలా అలిసిపోయి ఉన్నారు. నలుగురం కలిస్తే సాగుతుందన్న ఆలోచన వాళ్లదే. విచారణ గురువుల్ని, అంటే ఫాదర్‌ని, అడిగితే, పిల్లలకి విశ్వాసం గురించి నేర్పే సత్యోపదేశం హాలు వారం మధ్యలో ఖాళీగానే ఉంటుంది కదా అని తాళం ఇచ్చారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: వెళ్లేముందు ఊడ్చి, బెంచీలు ఎక్కడివక్కడ సర్దాలి. అంతకుమించి ఇది విచారణ నడిపేది కాదు. నడిపేది మేమే, అమ్మానాన్నలం.

మంగళవారం, గురువారం అందరం హాల్లో కలుస్తాం. మిగతా రోజులు ఎవరింట్లో వాళ్లు చదివించుకుంటారు. పిల్లల్ని దింపేసి వెళ్లిపోవడం మాత్రం కుదరదు. ప్రతి ఇంటి నుంచీ తల్లో తండ్రో ఉండి తీరాలి, ఏ గదిలోనైనా కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి. జ్వరం, దగ్గు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే. ఫీజు లేదు, కాగితాలకీ రంగులకీ నెలకి తలా కొంత డబ్బాలో వేస్తాం. నర్సుగా చేసే ఒకావిడ శరీరం గురించి, శుభ్రత గురించి చెబుతుంది. ఎలక్ట్రీషియన్ పని చేసే ఒకాయన పాత స్విచ్ బోర్డులు తెచ్చి స్క్రూలు విప్పడం, బిగించడం చూపిస్తాడు. అతను వచ్చే రోజు మగపిల్లలకంటే ముందు మనమ్మాయే వెళ్లి కూర్చుంటుంది. నాకు తెలుగు అప్పజెప్పారు. బియ్యం పోసిన పళ్లెంలో వేలితో అక్షరాలు దిద్దించడం దగ్గర మొదలుపెట్టాను. మనిద్దరం మీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది అట్లాగే కదా!

పొద్దున్నే చేసేది అందరూ కలిసే. కొవ్వొత్తి, సిలువ గుర్తు, ఒక పాట. ఆ రోజు ఏ పునీతుడి పండుగైతే ఆ కథ. మన దేశపు పునీతుల్ని మర్చిపోకూడదని మొదట్లోనే అనుకున్నాం. జూలై 3న యేసు శిష్యుడు తోమా, 28న కేరళ కన్యాస్త్రీ అల్ఫోన్సమ్మ. 2022లో పునీతుడైన దేవసహాయం కథ చెప్పిన రోజు పిల్లలు కదలకుండా విన్నారు. ఆయన ఫాదర్ కాదు, పెళ్లయిన మామూలు ఉద్యోగి అని తెలిసి ఒక పిల్లాడు "మా నాన్నలాగా?" అని అడిగాడు. మాలో తెలుగువాళ్లూ, తమిళులూ, మలయాళీలూ ఉన్నారు కాబట్టి జపమాలలో ఒక్కో పది పూసల్ని ఒక్కో భాషలో చెప్పుకుంటాం. మనమ్మాయి తమిళంలో మంగళవార్త జపం తడుముకోకుండా చెబుతుంది. నువ్వొచ్చినప్పుడు చెప్పించుకుని విను.

ఆ తర్వాత చిన్నవాళ్లు ఒక గదిలో, ఆరు దాటినవాళ్లు ఇంకో గదిలో. చిన్నవాళ్లు బఠాణీలు వలుస్తారు, ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు పోస్తారు, గుండీలు పెట్టుకుంటారు. చూసేవాళ్లకి ఆటలా ఉంటుంది గానీ, పెన్సిల్ పట్టుకునే బలం వేళ్లకి వచ్చేది అక్కడే. పెద్దవాళ్లకి ఒక కథ చదివి వినిపిస్తాం. విన్నాక వాళ్ల మాటల్లో తిరిగి చెప్పాలి. ఇంగ్లండులో షార్లట్ మేసన్ అనే విద్యావేత్త పట్టుబట్టి చేయించిన పద్ధతి ఇది. ఆరేళ్లు నిండేదాకా పాఠాలు మొదలుపెట్టొద్దనీ, ఎక్కువసేపు బయట తిరగనివ్వమనీ కూడా ఆవిడ చెప్పేది. పన్నెండింటికి అందరూ లేచి త్రికాల జపం. తర్వాత క్యారియర్లు విప్పుతాం. ఒకరి కూర ఇంకొకరి పళ్లెంలోకి వెళ్లిపోతుంది.

మంచి కాపరి గది సంగతి నీకు వివరంగా చెప్పాలి. మరియా మాంటిసోరి 1939లో మన దేశం వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండి, మద్రాసు అడయార్‌లో ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది కదా. ఆవిడ పద్ధతి ఆధారంగా సోఫియా కవల్లెట్టి, జియానా గొబ్బి అనే ఇద్దరు 1954లో రోములో చిన్నపిల్లల కోసం సత్యోపదేశం మొదలుపెట్టారు. పిల్లలతో ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టించరు. చిన్న బల్లపీఠం, చిన్న పాత్రలు, చెక్క బొమ్మలు ఇస్తారు. సువార్త మాట చదివి వినిపించి, ఆ బొమ్మల్ని వాళ్ల చేతుల్లో పెట్టి, పెద్దవాళ్లు పక్కకి తప్పుకుంటారు. మాలో ఒకావిడ పుస్తకాలు తెప్పించుకుని దీన్ని శ్రద్ధగా చదివింది. గొర్రెల్నీ కాపరినీ కొండపల్లి పొణికి చెక్కతో చేయించాం. దొడ్డి అంటే గుండ్రటి కంచె, దానికి ఒకటే ద్వారం.

ఒకరోజు ఆ దొడ్డి ముందు నాలుగేళ్ల పిల్లాడు కూర్చున్నాడు. మా గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు వాడు. ఒక్కో గొర్రెని ద్వారం దాకా నడిపించి, వంగి దాని చెవిలో ఏదో చెప్పి లోపల పెడుతున్నాడు. నేను మెల్లగా దగ్గరికి జరిగి విన్నాను. వాడు చెప్పేవి మా పిల్లల పేర్లు! అందరి పేర్లూ అయ్యాక బయట ఒక గొర్రె మిగిలింది. దాన్ని వాడు కదపలేదు. కాపరి బొమ్మని తీసుకుని, లోపలి గొర్రెలన్నిటినీ దాటించి, ద్వారంలోంచి బయటికి తెచ్చి ఆ గొర్రె పక్కన నిలబెట్టాడు. "ఇది నేను. నన్ను ఆయన పిలవాలి" అన్నాడు. కాపరి తన గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడని చెప్పే యోహాను సువార్త పదో అధ్యాయం నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను గానీ, బావా, ఆ పిల్లాడికి అర్థమైనంత నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అప్పుడప్పుడూ ఊళ్లోకీ తీసుకెళ్తాం. బైబిల్లోని రిబ్కా కథ చెప్పిన వారంలో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. అక్కడ ముసుగు వేసుకున్న రిబ్కా పాలరాతి బొమ్మ ఉంది కదా, ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నది. బావి దగ్గర ఒంటెలకి నీళ్లు తోడి పోసిన అమ్మాయి, దూరం నుంచి ఇస్సాకుని చూసి ముసుగు వేసుకుందని పిల్లలకి అప్పటికే తెలుసు. మనమ్మాయి బొమ్మ చుట్టూ తిరిగి, "నాన్నా, ముసుగు కూడా రాయేనా? మరి లోపల మొహం ఎట్లా కనిపిస్తోంది?" అంటూ వదలదే! ఇంటికొచ్చి తడి చేతిరుమాలు తన బొమ్మ మొహానికి చుట్టి, ముక్కు దగ్గర ఎలా అతుక్కుంటుందో పరీక్షించింది. ఒక్క బొమ్మతో బైబిలు కథ, శిల్పం, తడిగుడ్డ గుణం మూడూ నేర్చుకుంది. శుక్రవారం మ్యూజియం ఉండదు, మీ పిల్లల్ని తీసుకొస్తే అది చూసుకో.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తాను. "మనం చదివింది ఫాదర్ల బళ్లోనే, హైదరాబాద్ నిండా మన సభ బళ్లే ఉన్నాయి, మళ్లీ ఇదెందుకు?" అన్నావు. ఆ బళ్ల మీద నాకు ఎంత గౌరవమో నీకు తెలుసు. కులం, మతం చూడకుండా ఎన్ని ఇళ్లలో దీపం పెట్టాయి అవి! కానీ గుర్తు తెచ్చుకో, మనకి పరలోక జపం నేర్పింది బడి కాదు. ఫిరంగిపురంలో సాయంత్రం బాలయేసు గుడి మెట్ల మీద ఉపదేశి గారు, ఇంట్లో మీ నాయనమ్మ, మా అమ్మ. బడికి వెళ్లే వయసు వచ్చేసరికే మనలో అది ఉంది. ఇప్పుడు నేనుండేది మూడో అంతస్తులో. ఉపదేశి లేడు, నాయనమ్మ ఊళ్లో ఉంది. ఆ పని నేను చేయకపోతే ఇంకెవరు చేస్తారు? మన కతోలిక సభ రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య గురించి ఇచ్చిన ప్రకటనలో, పిల్లలకి మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులే అని చెప్పింది. జ్ఞానస్నానం చివరి ఆశీర్వాదంలోనూ ఆ మాట ఉంటుంది: విశ్వాస మార్గంలో బిడ్డకి మొదటి గురువులు మీరే, ఉత్తమ గురువులు కూడా కావాలి అని. ఆ రోజు మనమ్మాయిని ఎత్తుకుని నువ్వు పక్కనే ఉన్నావు.

చట్టం గురించి చెల్లెమ్మ తప్పకుండా అడుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పలేదు. మధ్యలో బడికి పంపాలనుకుంటే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతోంది. పరీక్షలు కావాలంటే జాతీయ ఓపెన్ స్కూల్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలు ఉన్నాయి, పధ్నాలుగు నిండితే పదో తరగతి రాయొచ్చు. దారులు మూసుకుపోవు. నా మటుకు నాకు ఎనిమిదేళ్ల దాకా ఏ అనుమానమూ లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అనే అంటోంది. ఆ తర్వాత ఏం చేయాలో పిల్లని చూసి నిర్ణయించుకుంటాం. మా వాళ్లలో ఒకరిద్దరు అప్పుడు బడికే పంపాలనుకుంటున్నారు, అదీ మంచిదే.

"మనవాళ్ల మధ్యే పెరిగితే లోకం ఎట్లా తెలుస్తుంది" అన్నావు చూడు, నీ ప్రశ్నల్లో బరువైనది అదే. దీని గురించి మేం చాలా మాట్లాడుకున్నాం. వారంలో రెండు రోజులే హాలు. ప్రతి సాయంత్రం మనమ్మాయి మా అపార్ట్‌మెంట్ పిల్లలతోనే ఆడుతుంది. బతుకమ్మకి కింద పువ్వులు పేర్చడానికి కూర్చుంటుంది, రంజాన్‌కి ఎదురింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చేదాకా తలుపు దగ్గరే కాపలా. హైదరాబాద్‌లో ఉంటూ పిల్లని ఒక్క గుంపులో కట్టేయాలని నేను అనుకోను.

కష్టాలు లేవని చెప్పను. మా ఆవిడ ఉద్యోగం సగం పూటకి మార్చుకుంది, ఇంట్లో డబ్బు బిగుతుగానే ఉంది. ఒక కుటుంబం మధ్యలో మానేసింది, పిల్లలు చాలా రోజులు వాళ్లని అడిగారు. ఇంగ్లీషు ఎంత, తెలుగు ఎంత అన్న వాదన ఇంకా తేలలేదు. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఎవరో ఒక తల్లి నెత్తిన భారమంతా పడితే ఇలాంటిది నిలవదు. అందుకే ప్రతి నెలాఖరుకీ పెద్దవాళ్లం మాత్రమే కూర్చుని, ఎవరు అలిసిపోయారో ముందు అడుగుతాం. తండ్రులు కూడా వంతులు తీసుకున్నాకే మాది కుదుటపడింది. ఎవరైనా ఒంటరిగా ఇంట్లో మొదలుపెడతానంటే నేను వద్దంటాను. మూడు నాలుగు కుటుంబాలైనా దొరికేదాకా ఆగమంటాను.

ఇంత రాసినా నువ్వు కళ్లతో చూడాలి బావా. జూన్‌లో వచ్చేటప్పుడు మంగళవారమో గురువారమో ఇక్కడ ఉండేలా చూసుకో. తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. నీకు పని కూడా పెట్టాను. మన ఊరి క్రిస్మస్ గురించీ, పశువుల పాక కోసం కొండ మీద నుంచి మనం గడ్డి మోసుకొచ్చిన సంగతీ పిల్లలకి చెప్పాలి. లెక్కలు ఎక్కడ మొదలుపెట్టాలో చెల్లెమ్మని అడగాలని మా ఆవిడ ఇప్పటికే ఒక కాగితం నింపింది. చూశాక కూడా నీకు నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పు, జ్ఞానతండ్రి మాట నేను తోసేయను.

నాయనమ్మ మోకాళ్లకి మందు మార్చారా? ఆమెకి నా నమస్కారాలు చెప్పు. టికెట్లు దొరకగానే ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి నేనొస్తా.

ప్రేమతో,
నీ బావ