ఫాల్ బట్టల గురించి బుజ్జికి

బుజ్జీ,

నువ్వు పంపిన రీల్స్ అన్నీ చూశానే. స్వేడ్ (నూగుగా ఉండే మెత్తటి తోలు) జాకెట్, చిరుత మచ్చల కోటు, ఫేక్ ఫర్ (నకిలీ బొచ్చు) కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, బర్గండీ స్వెటర్, బ్రౌన్ మీద మళ్ళీ బ్రౌన్... వీటిలో ఏవి కొనుక్కోవాలో చెప్పమన్నావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, పైగా నువ్వు మధ్యలో పది ప్రశ్నలు అడుగుతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈ 2025 సెప్టెంబర్ మూడో వారంలో దిగుతున్నావంటే సరిగ్గా ఇక్కడ న్యూజెర్సీలో ఫాల్, అంటే ఆకులు రాలే కాలం, మొదలయ్యే రోజులు. దిగిన వెంటనే ఆఫీసు కూడా ఉంది కాబట్టి షాపులు తిరుగుతూ ఆలోచించుకునే టైమ్ నీకు దొరకదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. ఈ ఏడాది ట్రెండ్స్‌లో నువ్వు ధైర్యంగా తీసుకోవాల్సింది రంగులు. బట్ట ఏ రకందన్నది ఇక్కడి వాతావరణాన్ని చూసి తేల్చుకో, కోటు కట్ మాత్రం నీ ఎత్తునీ నీ పెట్టెలో ఉన్న కుర్తీలనీ చూసి తేల్చుకో.

రంగులెందుకంటే, ఇన్నేళ్ళలో మన ఛాయకి ఇంతగా కలిసొచ్చిన ఫాల్ నేను చూడలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ షోలలో చూపించినవే ఇప్పుడు షాపుల్లో వేలాడుతున్నాయి, ఎక్కడ చూసినా చాక్లెట్ బ్రౌన్, దాని పక్కనే కిందటేటి నుంచీ కదలని బర్గండీ. రంగుల కంపెనీ పాంటోన్ వాళ్ళు 2025కి ఆ ఏటి రంగుగా ఎంచుకున్న మోకా మూస్ కూడా ఒక రకం లేత బ్రౌనే. వక్కపొడి రంగూ మెరూనూ నీకు ఎంత నప్పుతాయో నేను చెప్పాలా, నీ పట్టుచీరల్లో సగం అవే కదా! బిస్కెట్ రంగు కోట్ల జోలికి మాత్రం వెళ్ళకు. బొమ్మలకి తొడిగినప్పుడు ఎంతో ఖరీదుగా కనిపిస్తాయి గానీ, మొహం పక్కనే అంత లేత రంగు పెడితే మనకి కళ తగ్గిపోతుందని నా గట్టి అభిప్రాయం. కావాలంటే ఆ రంగు ప్యాంటు తీసుకో.

ఇక వాతావరణం. నువ్వు వచ్చేసరికి మధ్యాహ్నాలు 24, 25 డిగ్రీలు ఉంటాయి, ఇదేనా మీ చలి అని నవ్వుతావు. అక్టోబర్ మధ్యకి పొద్దున 7, 8 డిగ్రీలు, మధ్యాహ్నానికి మళ్ళీ 18. నవంబర్ 2న గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అక్కడి నుంచి సాయంత్రం ఐదు కొట్టేసరికే చీకటి. మెట్రోపార్క్ రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే గాలి చెవుల్ని కోసేస్తుంది, రైలెక్కగానే హీటర్ వేడికి వీపు తడుస్తుంది, న్యూయార్క్ పెన్ స్టేషన్లో దిగి నడవడం మొదలుపెడితే మళ్ళీ చలి. ఇదంతా ఒకే పూటలో. అందుకని దుప్పటంత మందంగా ఒక్కటి వేసుకుంటే లాభం లేదు. లోపల పల్చటి పూర్తి చేతుల టీషర్ట్, దాని మీద సన్నటి మెరీనో ఉన్ని స్వెటర్, పైన కోటు, ఇలా విప్పుకుంటూ తొడుక్కుంటూ పోయేట్టు ఉండాలి. ఫేక్ ఫర్ కోటు వద్దనడానికి కూడా కారణం ఇదే, రైల్లో దాన్ని విప్పితే ఒళ్ళో పెట్టుకోవడానికి చోటు చాలదు. స్వెటర్ కొనేటప్పుడు లోపలి కుట్టు దగ్గర చిన్న లేబుల్ ఉంటుంది, అది తప్పకుండా చదువు. మొత్తం యాక్రిలిక్, అంటే కృత్రిమ నూలు, అని ఉంటే అక్కడే పెట్టెయ్. కొన్నాళ్ళు వేసుకునేసరికి చంకల కిందా, బ్యాగు పట్టీ ఒరుసుకునే చోటా సన్నటి ఉండలు కట్టేస్తుంది. ఇక దాన్ని ఆఫీసుకి వేసుకెళ్ళలేవు.

స్వేడ్ మీద నీకు మనసుందని తెలుసు. చేత్తో నిమిరితే ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు లేతగా మెరుస్తుంది, ఎవరికైనా నచ్చుతుంది. కానీ అది తోలుకి లోపలివైపు, దానికి నీళ్ళు పడవు. నాలుగు చినుకులు పడితే నాలుగు నల్లటి మచ్చలు, ఆరాక కూడా చుట్టూ గీతలా మరక మిగులుతుంది. స్ప్రేలు ఉన్నాయి, కొంతవరకు ఆపుతాయి, కానీ మనకి ఇక్కడ అక్టోబర్, నవంబర్‌లలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మంచు మొదలయ్యాక రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, స్వేడ్ బూట్లకి అది ఇంకా చేటు. అంత ఇష్టమైతే ఒక చిన్న స్వేడ్ బ్యాగు కొనుక్కో, వాన సూచన లేని రోజు తగిలించుకో. జాకెట్ మాత్రం వద్దే.

ఆ బోహో (వదులుగా, జిప్సీల తరహాలో ఉండే) డ్రెస్సులు చూశావు కదా, క్లోయీ అనే ఫ్యాషన్ కంపెనీకి డిజైనర్‌గా చెమెనా కమాలి వచ్చి 2024 ఫాల్ షో చేశాక ఆ గాలి మళ్ళీ జోరుగా వీస్తోంది. వాటి నిండా ఉన్నవి మన మామిడిపిందెలే. కాశ్మీరు శాలువాల్ని చూసి స్కాట్లాండ్‌లో పెయిస్లీ అనే ఊరి నేతగాళ్ళు 19వ శతాబ్దంలో మగ్గాల మీద దింపిన డిజైన్ అది. దానికి ఇక్కడ డాలర్లు పొయ్యడం నాకు మనసొప్పదు. దాని బదులు నువ్వు అక్కడి నుంచే కలంకారీ చున్నీలు పట్టుకురా, పెడన అచ్చువి రెండు, శ్రీకాళహస్తి చేతిగీతది వీలైతే ఒకటి. ఇక్కడ ఫాల్ రంగులని చెప్పేవన్నీ అందులో ముందే ఉన్నాయి. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టిన బట్ట, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసిమి నలుపు, ఆ మట్టి ఎరుపు, ఆవపిండి పసుపు. బర్గండీ స్వెటర్ మీద మెడ చుట్టూ ఒక చుట్టు వేసి, కొసలు రెండూ కోటు లోపలికి తోసి చూడు. మా ఆఫీసులో నన్ను ఆపి మరీ ఎక్కడ కొన్నావని అడిగినవి ఏమైనా ఉన్నాయంటే ఇవే. మొదటిసారి మాత్రం చల్లనీళ్ళలో విడిగా ఉతుకు.

ఇప్పుడు కోటు. డబ్బు పెట్టాల్సింది దీని మీదే, తొందర పడకూడనిదీ దీని విషయంలోనే. కిందటేడు వచ్చిన బార్న్ జాకెట్లు నడుము కింద కాస్త దాకా ఉంటాయి. జీన్స్ మీద బాగుంటాయి గానీ కుర్తీ మీద వేస్తే కింద మూరెడు బట్ట వేలాడుతూ మనిషిని రెండు ముక్కలు చేసినట్టు ఉంటుంది. నువ్వు ఆఫీసుకి కూడా మంగళగిరి కుర్తీలు మానేది లేదన్నావు, అది వినగానే నాకెంత సంతోషం వేసిందో. ఇక్కడికొచ్చాక చాలామంది చలి పేరు చెప్పి వాటిని పెట్టె అడుగున పడేస్తారు, అవసరం లేదే, లోపల పల్చటి థర్మల్ వేసుకుంటే అక్టోబర్ అంతా నడిచిపోతుంది. కాబట్టి నీకు కావాల్సింది మోకాళ్ళ దాకా వచ్చే కోటు. ట్రెంచ్ కోటు అయితే ఏ ఏడాది ట్రెండ్‌తోనూ పని లేదు. బర్బెరీ కంపెనీ పెట్టిన థామస్ బర్బెరీ 1879లో కనిపెట్టిన గాబర్డీన్ బట్ట వానని ఆపేది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులు దాంతో కుట్టిన కోట్లు వేసుకున్నారు, అప్పటి నుంచీ ఆ రూపం పెద్దగా మారలేదు. చేతులు మెడ దగ్గర నుంచే ఏటవాలుగా కుట్టిన రకం చూడు, దాన్ని రాగ్లాన్ అంటారు, లోపల కుర్తీ చేతులూ స్వెటరూ ఇరుక్కోకుండా పడతాయి. లోపలి ఉన్ని లైనింగ్ గుండీలతో ఊడేట్టు ఉంటే మరీ మంచిది, నవంబర్ చివరి దాకా లాగించవచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం, నువ్వు 5 అడుగుల 2 అంగుళాలు కాబట్టి నేరుగా పెటీట్ సెక్షన్‌కి వెళ్ళు. అవి 5 అడుగుల 4 అంగుళాలు, అంతకన్నా తక్కువ ఎత్తు ఉన్నవాళ్ళ కోసం కుట్టినవి. మామూలు సైజులో చిన్నది తీసుకుంటే భుజాలు సరిపోయినా చేతులు వేళ్ళ దాకా వస్తాయి. వేసి చూసేటప్పుడు లోపల స్వెటర్ ఉంచుకునే చూడు, రైల్లో కమ్మీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తు, కూర్చుని లే. వీపు మీద పట్టేస్తే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్.

చీరల సంగతి కూడా ఇందులోనే ఉంది. ఈసారి బతుకమ్మ సెప్టెంబర్ 21 నుంచి 30 దాకా, అప్పటికి శాలువా చాలు. దీపావళి మాత్రం అక్టోబర్ 20న, హాలు లోపల వెచ్చగానే ఉన్నా పార్కింగ్ లాట్‌లో వణుకు పుడుతుంది. చాలామంది పట్టుచీర మీద పఫర్ (దూది కూరినట్టు ఉబ్బుగా ఉండే) జాకెట్ తొడిగేస్తారు, కుచ్చిళ్ళు నలిగిపోతాయి, జిప్పు జరీని పట్టి లాగుతుంది, చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇందాక చెప్పిన పొడుగు కోటుకి లోపల నున్నటి లైనింగ్ ఉంటే పట్టు మీద జారిపోతుంది, పమిట చెదరదు. ఇప్పుడు కుట్టించే బ్లౌజులకి మోచేతుల దాకా చేతులు పెట్టించు, టైలర్‌కి ఈ రోజే చెప్పు.

బూట్లు అక్కడ కొనకు. మన దగ్గర నీది 5 అంటే ఇక్కడ 7, మందపాటి సాక్స్‌కి ఇంకో అర సైజు పెంచుకోవాలి. ముందు చీలమండల దాకా వచ్చేవి తీసుకో. పొడుగువి నచ్చితే తర్వాత చూద్దాం. చిరుత మచ్చలు కావాలంటే ఒక స్కార్ఫ్, అంతకు మించి ఒద్దు.

కోటు మాత్రం మాన్‌హట్టన్‌లో ఆఫీసు పక్కనే కదా అని కొనేయకు. న్యూజెర్సీలో బట్టలకీ చెప్పులకీ సేల్స్ ట్యాక్స్ లేదు. న్యూయార్క్ సిటీలో ఒక్కో వస్తువు 110 డాలర్లు, అంతకు మించి ఉంటే 8.875 శాతం పడుతుంది, 200 డాలర్ల కోటుకి దాదాపు 18 డాలర్లు ఊరికే పోతాయి. అక్టోబర్ 11 నుంచి 13 దాకా కొలంబస్ డే లాంగ్ వీకెండ్, కోట్ల మీద మొదటి మంచి డిస్కౌంట్లు అప్పుడే వస్తాయి, ఆ శనివారం నేను ఖాళీ పెట్టుకున్నా, ఇద్దరం వెళ్దాం. అప్పటిదాకా నా మెరూన్ జాకెట్ నీది. భుజాల కొలత, చేతుల పొడవు టేపుతో కొలిచి వాట్సాప్ చెయ్యి, ఈలోపు పెటీట్‌లో ఎక్కడేమున్నాయో చూసి పెడతా. చున్నీలు చేతి సామానులోనే పెట్టుకో, విమానంలో ఏసీకి కూడా పనికొస్తాయి.

నీ
చిన్ని