క్లస్టరు కొనుగోలు భాగోతం

ఏరా మిత్రమా,

ఫోను చేసిన ప్రతిసారీ "మీ క్లస్టరు దిగిందా?" అని వెక్కిరిస్తున్నావు. చాలా కంప్యూటర్లు కలిసి ఒక్కటిగా లెక్కలు చేసే ఆ యంత్రం ఇంకా దిగలేదు. టెండరు పత్రం మాత్రం ఒక కొలిక్కి వచ్చింది. మా విశ్వవిద్యాలయంలో అది కూడా పండగే. తీరిగ్గా చెబుతాను, కాఫీ తెచ్చుకుని కూర్చో.

నిధులు మంజూరైనప్పటి నుంచి పెద్దలందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని టెరాఫ్లాప్స్?" అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందని. పత్రికా ప్రకటనలో దర్జాగా ఉంటుంది మరి! ఆ అంకె ఎలా పుడుతుందో చూడు. 96 కోర్ల (లెక్కలు చేసే భాగాల) ఏఎండీ ఎపిక్ 9654 చిప్పు తీసుకో. వేగం 2.4 గిగాహెర్ట్జ్, ఒక్కో కోరు ఒక్కో సైకిల్‌కు 16 లెక్కలు. గుణిస్తే చిప్పుకు సుమారు 3.7 టెరాఫ్లాప్స్. రెండేసి చిప్పుల నోడ్లు, అంటే క్లస్టరులోని కంప్యూటర్లు, 20 పెడితే 147. అట్టపెట్టె విప్పకుండానే దక్కే ఘనత ఇది.

మా వాళ్ల పని వేరు. కెమిస్ట్రీ వాళ్లది పరమాణువుల స్థాయిలో లెక్కలు కట్టే వాస్ప్, వాతావరణం వాళ్లది వాతావరణ అంచనాలు కట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ సాఫ్ట్‌వేర్. రెండూ లెక్క చేయడం కన్నా మెమరీ నుంచి డేటా ఎప్పుడొస్తుందా అని చూడటంలోనే ఎక్కువ కాలం గడిపేస్తాయి. ఆ చిప్పుకున్న మెమరీ ఛానళ్లు, అంటే డేటా వచ్చే దారులు, 12. అన్నీ కలిపి సెకనుకు 460 గిగాబైట్లు. 96 కోర్లు పంచుకుంటే తలా ఐదు కూడా రావు. వడ్డించేవాళ్లు ఇద్దరే ఉన్నప్పుడు పంక్తిలో వంద విస్తళ్లు వేసి ఏం లాభం చెప్పు? అదే కుటుంబంలోని 48 కోర్ల 9454కూ ఛానళ్లు 12 ఉన్నాయి. కోరుకు రెట్టింపు వాటా! కాగితం మీద టెరాఫ్లాప్స్ బాగా పడిపోతాయి, అసలు పని అంతగా పడిపోదు. జపాన్ వాళ్ల సూపర్‌కంప్యూటరు ఫుగాకునే చూడు. లెక్కల వేగం కొలిచే లిన్‌ప్యాక్ పరీక్షలో 442 పెటాఫ్లాప్స్ (పెటా అంటే వెయ్యి టెరాలు) చూపిన యంత్రం, మెమరీ మీద భారం వేసే హెచ్‌పీసీజీ పరీక్షలో 16 దగ్గర ఆగింది.

మాది రెండు కవర్ల పద్ధతి. సాంకేతిక కవరు గట్టెక్కినవాళ్లలో ధర తక్కువ చెప్పినవాడికే ఆర్డరు. అంటే స్పెసిఫికేషన్‌లో మనం రాయనిది మనకు రాదు. అందుకే టెరాఫ్లాప్స్ గడి కొట్టేసి, మా సొంత వాస్ప్, డబ్ల్యూఆర్‌ఎఫ్ జాబులు (యంత్రానికి ఇచ్చే లెక్కల పనులు) ఎంతసేపట్లో ముగిస్తారో రాసివ్వమన్నాను. బిడ్లకు ముందు కంపెనీల వాళ్లతో జరిపే ప్రీ-బిడ్ సమావేశంలో ఒకాయన లేచి, "ఇన్‌పుట్ ఫైళ్లు ముందే ఇస్తారా సార్?" అన్నాడు. ఇస్తామన్నాను. "మరి రాసిచ్చిన సమయం ఇక్కడికొచ్చాక రాకపోతే?" "వచ్చేదాకా చివరి వాయిదా డబ్బు రాదు." ఆయన పెన్నుకు మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. బిడ్ వేస్తాడో లేదో చూడాలి.

"పరమ్ సేవ సూపర్‌కంప్యూటరు ఐఐటీ హైదరాబాద్‌లో ఉండగా మనకెందుకు?" అని ఒక ప్రొఫెసర్ గారు అడ్డుపడ్డారు. న్యాయమైన ప్రశ్నే. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలైంది ఇలాంటి యంత్రాల కోసమే కదా. పెద్ద జాబులు అక్కడికే పంపుదాం. కానీ రాత్రి పదకొండుకు పిల్లవాడికి తట్టిన ఆలోచనను తెల్లారేలోగా పరీక్షించుకోవాలంటే జాబుల క్యూ మన చేతిలో ఉండాలి.

ఇక జీఎస్టీ. పరిశోధన సంస్థలకున్న 5 శాతం రాయితీ రేటు 2022 జులైలోనే పోయింది. మా అంచనా పాతది. 18 శాతం కట్టేసరికి కొన్ని నోడ్లు గాలికి పోయాయి.

కరెంటు కథ మరీ వినోదం. నోడుకు సుమారు కిలోవాట్ చొప్పున 20 కిలోవాట్ల వేడి. ఒక టన్ను ఏసీ తోడేది మూడున్నర కిలోవాట్లే కాబట్టి ఆరు టన్నులు కావాలి, పాడైతే ఆదుకోవడానికి ఇంకొకటి. ఇంజనీరింగ్ విభాగం ఆయన అంతా ఓపిగ్గా విని, "రాత్రిళ్లు ఆపేస్తారు కదండీ?" అన్నాడు. ఏం చెప్పమంటావు! నోడ్లు బిగించే ర్యాకు ఎత్తు రెండు మీటర్లు. టేపు పెట్టి చూస్తే లిఫ్టు తలుపు అంతకన్నా పొట్టి. లైబ్రరీ వాళ్లను బతిమాలి, కింది అంతస్తులో పాత జర్నళ్ల గది ఖాళీ చేయిస్తున్నాను.

వీటన్నిటికన్నా నన్ను తినేస్తున్నది వేరే. బడ్జెట్‌లో డీజిల్ జనరేటరుకు పద్దు ఉంది, గది రంగులకు పద్దు ఉంది, దీన్ని నడిపే మనిషికి లేదు. "పీహెచ్‌డీ పిల్లలు చూసుకుంటారులే" అంటున్నారు. వాళ్లు థీసిస్ రాయాలా, చెడిపోయిన డిస్కులు మార్చాలా? పోట్లాడి ఒక కాంట్రాక్టు ఉద్యోగం ఒప్పించాను. మీ ఆఫీసులో స్లర్మ్ (జాబులకు వంతులు వేసే సాఫ్ట్‌వేర్) నడిపే కుర్రవాడు సొంత ఊరికి దగ్గరగా రావాలనుకుంటున్నాడన్నావు కదా, అతని నంబరు పంపు. జీతం సంగతి నేను మాట్లాడతాను. నువ్వు ముందే చెప్పి బెదరగొట్టకు.

నీ
క్లస్టరు బాధితుడు